నూటికి నూరు శాతం చూపు

ఆపరేషన్ చేయించుకున్న ప్రతి కంటికీ నూటికి నూరు శాతం చూపు తెప్పించి తీరతామని ఆరోగ్యమంత్రిగారు ప్రకటించారు. అంతకుముందు ఆర్థికశాఖను సంప్రదించారు, న్యాయశాఖను సంప్రదించారు. కళ్ళ డాక్టర్లను మాత్రం శ్రమ పెట్టలేదు. అంత మర్యాదస్తులు.

ఆ నెలలోనే టైలరమ్మకు రెండు కళ్ళకూ ఆపరేషన్ జరిగింది. ముప్పై ఏళ్ళుగా వీధి వీధంతా ఆవిడ కుట్టిన బట్టలే కట్టింది. శుక్లాలు ముదిరి, కంట్లో నీరు బయటికి పోయే దారి మూసుకుపోయి, కళ్ళు రాళ్ళలా గట్టిపడ్డాయి. నొప్పికి తల గోడకేసి కొట్టుకోబోయింది. ఇప్పుడు కట్టు విప్పగానే సూదిలో దారం ఒక్కసారికే ఎక్కింది. ఆవిడ బావురుమంది.

"ఏడవకండమ్మా, మందుచుక్కలు కారిపోతాయి," అన్నాడు డాక్టరు. "నొప్పి పోయింది, ఎదురుగా ఉన్నది బాగా కనిపిస్తుంది. కానీ ఇన్నాళ్ళ ఒత్తిడికి నరం దెబ్బతింది. పక్కచూపు మాత్రం ఇక రాదు. రోడ్డు దాటేటప్పుడు తల తిప్పి చూసుకోండి."

"సూది బెజ్జం కనబడితే చాలు బాబూ. పక్కవాళ్ళ సంగతి నాకెందుకు?"

డాక్టరు ఉన్నదున్నట్టు రిపోర్టు రాశాడు. ఆరోగ్యాధికారి ఆయాసపడుతూ వచ్చారు.

"పక్కచూపు రాదా? శుక్రవారం మంత్రిగారు వస్తున్నారయ్యా!"

"ఎప్పటికీ రాదు సార్."

"అంత నెగెటివ్‌గా ఉంటే ఎలా? నరానికి కాస్త టైమిద్దాం. గురువారం సాయంత్రం దాకా."

గురువారం సాయంత్రం గడిచిపోయింది. నరం సహకరించలేదు.

శుక్రవారం వేదిక మీద టైలరమ్మ చార్టు చివరి వరస దాకా గడగడా చదివేసింది. చప్పట్లు మోగాయి. ఫొటో కోసం మంత్రిగారు ఆవిడ పక్కకొచ్చి, భుజానికి భుజం ఆనేంత దగ్గరగా నవ్వుతూ నిలబడ్డారు.

"ఈ చూపు ఎవరి చలవమ్మా? వారిని చూసి చెప్పు," మైకులో అడిగారు అధికారి.

"ఎవరిని?"

"మంత్రిగారిని!"

"ఆయనింకా రాలేదు కదయ్యా?"

ముందు వరసల్లో గుసగుసలు లేచాయి. డాక్టరుబాబుకు మాటొస్తుందేమోనని టైలరమ్మ కంగారుపడింది. మంత్రిగారు నవ్వు చెదరనివ్వకుండా ఒకడుగు ముందుకేశారు. ఇంకో అడుగు వేశారు.

"ఆఁ, వచ్చారు వచ్చారు!" అంది టైలరమ్మ, హమ్మయ్య అనుకుంటూ.

సోమవారం అన్ని ఆసుపత్రులకూ సర్క్యులర్ వెళ్ళింది. ఇకమీదట చూపు అనగా ఎదురుగా ఉన్నది కనబడుట. పక్కనున్నది కనబడకపోవడాన్ని ఏకాగ్రతగా నమోదు చేయవలెను.

ఆ లెక్కన శాఖ మొత్తానికి నూటికి నూరు శాతం వచ్చింది. టైలరమ్మకు, ఏకాగ్రత కూడా కలిపి, నూట ఇరవై.