మనోభావాలు నొప్పించకుండా లిఫ్టు గురించి రాయడం ఎలా?

వాక్‌స్వాతంత్ర్యం ఆరోగ్యానికి హానికరం! నోరు కట్టేసుకోవడమంత పుణ్యకార్యం ఈ లోకంలో మరొకటి లేదు. నవ్వకండి. బ్లాగు రాసేవాణ్ణి, అనుభవం మీద చెబుతున్నాను.

మా భవనంలో మనుషుల రంగులు చూస్తే పెయింటు షాపు కేటలాగు గుర్తొస్తుంది. తలా ఒక భాషలో పిల్లల్ని తిడతారు. తలా ఒక దేవుడికి ఫిర్యాదు చేస్తారు. అయినా ఇన్నేళ్ళుగా ఎవరూ ఎవరి జుట్టూ పట్టుకోలేదు. కారణం సహనం అనుకుంటున్నారా? కాదు, లిఫ్టు పనిచేయకపోవడం! ఎనిమిది అంతస్తులు ఎక్కొచ్చినవాడికి కొట్లాడే ఓపిక ఎక్కడిది?

ఆ మాటే బ్లాగులో రాశాను. "మా లిఫ్టు చచ్చింది. మూడో అంతస్తు దగ్గర నల్లటి నూనె కార్చుకుంటూ పడి ఉంది." అంతే.

మర్నాడు అసోసియేషన్ సెక్రటరీగారు ఆఫీసు గదికి పిలిపించారు. బల్ల మీద నా పోస్టు ప్రింటు, దాని పక్కన ఎర్ర పెన్ను.

"మనది రకరకాల జాతులవాళ్ళుండే భవనం. బాధ్యతాయుతమైన బ్లాగింగ్ అంటే ఏమిటో తెలుసా మీకు?"

"నేనేం తప్పు రాశానండీ?"

"'చచ్చింది' అన్నారు. చావును ఒక్కో మతం ఒక్కోలా చూస్తుంది. 'నల్లటి' అన్నారు. రంగు ప్రస్తావన! పైగా 'మూడో అంతస్తు' అన్నారు. అక్కడుండే దర్జీ ఏ జాతివాడో అందరికీ తెలుసు. ఆయన మనసు నొచ్చుకోదూ?"

"నొచ్చుకున్నానన్నాడా?"

"అనేదాకా ఆగుతామా? ఆయన కంటే ముందే నొచ్చుకోవడం నా డ్యూటీ!"

ఎంత దొడ్డ మనసో చూడండి! మన నొప్పులు మనం పడలేక చస్తుంటే, ఆయన భవనం మొత్తానికీ అడ్వాన్సుగా నొచ్చుకుంటున్నారు.

ఎర్ర పెన్ను పని ముగిశాక నా పోస్టు ఇలా తేలింది: "మన లిఫ్టు విశ్రాంతి అనంతరం సేవకు సంసిద్ధమవుతోంది." అద్భుతం కదూ? ఎవరికీ కోపం రాదు. ఎవరికీ ఏమీ అర్థం కాదు. సామరస్యమంటే మరేమిటి?

ఆ పోస్టు కింద పేరులేని వీరుడొకడు కామెంటు పెట్టాడు. "మూడో అంతస్తు జాతివాళ్ళు అడుగుపెట్టిన చోట ఏ మిషనూ బాగుపడదు. వాళ్ళని వచ్చిన దారినే పంపెయ్యాలి." చూసీ చూడగానే తీసేశాను. వెంటనే సెక్రటరీగారి ఫోను!

"కామెంటు తీసేశారేమండీ? అది అవతలివాడి భావప్రకటనా స్వేచ్ఛ! గొంతు నులిమేస్తారా?"

గమనించారా? నూనె రంగు చెబితే జాతి వివక్ష. మనిషిని జాతి పెట్టి తిడితే స్వేచ్ఛ! ఇంత సూక్ష్మం నా మొద్దు బుర్రకు తడుతుందా? అందుకే దేశానికి ఎర్ర పెన్నులు కావాలంటాను.

ఇంతలో ఒక చిక్కొచ్చింది. దర్జీ నా పోస్టు చదివి, "సంసిద్ధం" అన్న మాట పట్టుకుని, రిపేరుకిచ్చిన కుట్టు మిషను తెచ్చి లిఫ్టు బటన్ నొక్కాడు. ఆ చచ్చిన లిఫ్టు మూలుగుతూ కిందికి దిగింది. "అన్నయ్యా, ఆగండాగండి!" అంటూ మా ఆవిడ కూరల సంచులతో లోపలికి దూరింది. సరిగ్గా రెండు అంతస్తుల మధ్య అది మళ్ళీ ప్రాణం విడిచింది.

అరుపులు విని పరుగెత్తాను. లోపల ఇద్దరూ రెండు భాషల్లో లిఫ్టును కడిగేస్తున్నారు. దర్జీ భాష నాకు రాదు గానీ, రాగాన్నిబట్టి భావం తెలిసింది. మా ఆవిడ భాష మాత్రం బాగా తెలుసు.

"ఏవండీ! ఆ దిక్కుమాలిన పోస్టు మీదేగా? నన్ను బయటికి రానివ్వండి, మీ సంగతి చెప్తా!"

పై అంతస్తు నర్సమ్మ, కింది అంతస్తు బేకరీ ఆయనా వచ్చి తమ తమ భాషల్లో తలో తిట్టూ కలిపారు. అర్థాలు అడిగి తెలుసుకుని మరీ ఇచ్చిపుచ్చుకున్నారు. ఇంత జాతీయ సమైక్యత నేనెన్నడూ చూడలేదు!

సెక్రటరీగారు రొప్పుతూ వచ్చారు. "దయచేసి భాష జాగ్రత్త! దర్జీగారి మనోభావాలు..."

తలుపు సందులోంచి దర్జీ గొంతు వినిపించింది. "నొచ్చుకుంది మనసు కాదయ్యా బాబూ, మోకాళ్ళు! ముందు తలుపు తియ్యండి!"

బేకరీ ఆయన ఇనుప కడ్డీతో తలుపు పెగలదీశాడు. మా ఆవిడ మొదట సంచులు అందించి, తర్వాత నా వంక ఒక చూపు అందించింది. దర్జీ చెమట తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"లిఫ్టు చచ్చిందని ఉన్నదున్నట్టు రాస్తే ఏం పోయేది మాస్టారూ?"

"మీరేమన్నా అనుకుంటారేమోనని..."

"మీ కింది ఇంట్లోనే ఉంటాను కదా, తలుపు కొట్టి అడగలేకపోయారా?" గొంతు తగ్గించాడు. "ఆ కామెంటు మీరు తీసేసేలోపే చూశాను. అది మాత్రం నొచ్చింది. తీసేశారు, సంతోషం."

కుట్టు మిషనుకు ఒక పక్క నేను పట్టుకుని, ఆయనతోపాటు మెట్లెక్కాను.

సాయంత్రం ఆయన గుడ్డలు కత్తిరించే బల్ల చుట్టూ కూర్చుని, అందరం కలిసి కొత్త పోస్టు రాశాం. మాకొచ్చిన భాషలన్నిటిలోనూ "చచ్చింది" అని రాశాం. దర్జీ భాషలో ఆ మాట ఎంత కమ్మగా ఉంటుందో! పోస్టు ఊరంతా తిరిగింది. కొత్త మెకానిక్కు వచ్చాడు. లిఫ్టు లేచింది.

అయినా బాధ్యతాయుతమైన బ్లాగింగే మేలని నేనిప్పటికీ వాదిస్తాను. సెక్రటరీగారి భయం ఉత్తదేమీ కాదు. ఆ పోస్టుతో మా భవనంలో ఒక వర్గం మనోభావాలు నిజంగానే ఘోరంగా దెబ్బతిన్నాయి. పాపం, చాలా చిన్న వర్గం! ఉన్నదే ఇద్దరు. ఒకరు సెక్రటరీగారు. రెండోవారు ఇన్నాళ్ళూ లిఫ్టు రిపేరు కాంట్రాక్టు చూసుకుంటున్న పెద్దమనిషి, అనగా సెక్రటరీగారి బావమరిది!