సూర్యాపేట మ్యాట్నీలో కైలాస శ్రేష్ఠి అశ్రుసమరము

సాగరు కాలువ నీరు గరిడేపల్లి వరినాట్లను మోకాలిదాక ముంచి, నిడమనూరు గట్లమీద కొంగల బారులకు కొలువుదీర్చి, ఆవిరియై పైకెగసి మబ్బులతో మంతనములాడు శ్రావణమాసమున, ఒకానొక ఆదివారము, పగలు రెండు గంటలవేళ, సూర్యాపేట మహాపట్టణమందలి చిత్రశాలలో జరిగిన ఘోరసంగ్రామమును వినుడు! ఇందు నెత్తురు చిందలేదు. చిందినదెల్ల కంటినీరు. అదియు దోసిటికి చాలనంత.

వీరుడెవరందురా? మిర్యాలగూడ వాస్తవ్యుడు, బియ్యపుమిల్లు యజమాని, గోనెసంచుల గిరిదుర్గముల నడుమ ముప్పదేండ్లుగా ఏలుచున్నవాడు, వడ్లగింజను పంటితో కొరికి అందలి తేమను మీటరుకన్న ముందే ప్రకటించు ధీశాలి, కైలాస శ్రేష్ఠి. ఆ మహానుభావునికి లోకమున ఒక్కటే శత్రువు: హిందీ ప్రేమచిత్రము. ఏలయన, ఆయన ధర్మపత్ని విజయలక్ష్మి ప్రతి ఆదివారము భోజనానంతరము టీవీ ముందు ఆసీనురాలై, పాలరాతి మేడలలో జరీవస్త్రముల సుందరాంగులు విలపించుచుండ, తానును కొంగు తడుపుకొనుచుండెడిది.

వారము క్రితము శ్రేష్ఠి సహనము తెగెను.

"గా పిల్ల ఏడ్సుడుకు గన్ని దీపాలెందుకు? లైటు బంద్ జేస్తే ఏడుపు రాదా?"

"పెద్ద తెర మీద ఒక్కసారి సూడండి. మీకు గూడ వస్తది" అన్నది విజయలక్ష్మి.

"నాకా? నా కంట్ల నీళ్లు సూసినోడు మిర్యాలగూడల ఇంకా పుట్టలే!"

ఆమె టీవీ ఆపెను.

"ఔను. గీతాంజలిని అత్తగారింటికి పంపిననాడు నేను గూడ సూడలే. బిడ్డ కారెక్కుతుంటే మీరు జనరేటర్ల డీజిల్ ఉన్నదా లేదా సూసుకుంట నిలవడ్డరు."

మూడేండ్లుగా ఆమె గుండెలో దాగిన బాణము అది. నేరుగా వచ్చి తగిలెను. శ్రేష్ఠి అక్కడికక్కడే శపథము చేసెను: ఒక్క చుక్కయు రాల్పక మూడుగంటల చిత్రమును చూచినచో, ఆదివారపు టీవీ తనది; రాల్చినచో, భార్య ఏడ్పును చూచి జన్మలో నవ్వరాదు.

విజయలక్ష్మి ఎంచిన చిత్రము మిర్యాలగూడలో ఆడలేదు. కోదాడలో గురువారమే ఎత్తివేసిరి. కావున దంపతులు కారెక్కి సూర్యాపేటపై దండెత్తిరి.

శ్రేష్ఠికి కుడిప్రక్క విజయలక్ష్మి కూర్చుండెను. ఎడమప్రక్క కుర్చీలో, బస్సు దిగి వచ్చిన చివ్వెంల గొర్రెలకాపరి ముత్తమ్మ కాళ్లు పైకి ముడుచుకొని, కొంగు ముందే సవరించుకొని, సర్వసన్నద్ధయై యుండెను.

దీపములారెను. శత్రువు కదలెను! ఆహా, ఏమి ఆ సైన్యము! నూరు వయొలిన్ల పదాతిదళము; నెమలిపింఛముల వింజామరల దండు; నలుగురు మోసినగాని కదలని లెహంగాలో నాయిక; ఒక్క ప్రేమలేఖను చదువుటకు వెలిగించిన వేయి దీపములు; ఆ దీపములను ఆర్పక, కేవలము నాయకుని చొక్కాను మాత్రమే తడిపి పారదర్శకము గావించు వివేకవంతమైన వాన! ప్రేయసీప్రియులు వేరగుటకు కారణమేమో శ్రేష్ఠికి బోధపడలేదు. వారికిని బోధపడినట్లు తోచలేదు. అయినను వారు మేడమెట్లపై ఎదురెదురుగా నిలిచి, పావుగంట సేపు, గాలికి జుట్టెగురుచుండ, విడిపోయిరి.

వీరుడు చలింపలేదు. మిల్లులో తెగిన బెల్టును తలచుకొని వయొలిన్లను జయించెను. నాయకుని చొక్కాను చూచి వానను జయించెను. ఇంటర్వెల్ నాటికి రెండు కన్నులును ఎండాకాలపు కల్లమువలె నుండెను.

అప్పుడు ముక్కు చీదుకొనుచున్న ముత్తమ్మను ఆయన అడిగెను: "అమ్మా, నీకు హిందీ వస్తదా?"

"ఏడ్సుడుకు హిందీ ఏంది సేటూ?"

"మరి గింత దూరం ఎందుకొచ్చినవ్?"

"ఇంటికాడ ఏడిస్తే ఏమైంది ఏమైందని నలుగురు జమైతరు. గీడ ఎవ్వలడుగరు. గొర్లను మా కొడుకు జంగయ్యకు అప్పజెప్పొస్త. మంచిగ ఏడ్సి, పాణం అల్కగైనంక పోత."

శ్రేష్ఠి నవ్వబోయెను. నవ్వు రాలేదు.

ఉత్తరార్ధమున నాయికకు వేరొకనితో పెండ్లి. పదివేల బంతిపూల నడుమ ఏనుగులు నిలిచెను. సన్నాయి మ్రోగెను. ఏనుగులు శ్రేష్ఠిని ఏమియు చేయలేకపోయెను. అయితే ఒక మూలన, నెరసిన మీసముల తండ్రి యొకడు, బిడ్డ పల్లకి ఎక్కుచుండగా అటు చూడక, మిఠాయి తట్టలను ఒకటొకటిగా మూతలెత్తి పరీక్షించుచుండెను.

"సూడు సేటూ, గా ముసలోన్ని" అని ముత్తమ్మ గుసగుసలాడెను. "లడ్లు సూస్తున్నడనుకున్నవా? బిడ్డ దిక్కు సూస్తే ఆగలేడు. గందుకే!"

జనరేటరు మూత తెరచి, అందులోనికి వంగి, నిండుగా నున్న డీజిలును అంతసేపు తానెందుకు చూచెనో శ్రేష్ఠికి అప్పుడు తెలిసెను. ఆపత్సమయమున ఆ ధీరుడు తన కన్నులనుద్దేశించి మనమున ఇట్లు గర్జించెను:

"ఓ నేత్రద్వయమా! అకాలవర్షమున వేయిబస్తాల ధాన్యము మొలకెత్తిననాడును చెమ్మగిల్లని వజ్రద్వయమా! నేడొక బొంబాయి ముసలివాని లడ్డూలకు లొంగెదవా? నిలువుము! కట్ట తెగనీకుము!"

కట్ట తెగెను. కుడికంట ఒక్క బిందువు పుట్టి, రెప్పకోటను దాటి, చెంపమైదానమున దిగి, మీసారణ్యమున అదృశ్యమాయెను. విధివశమున, భార్య కూర్చున్నదియు కుడివైపే.

ఆట ముగిసినది. వెలుపల మెట్లపై శ్రేష్ఠి, "ఏసీ గాలి తగిలింది" అని మొదలుపెట్టి, ఆమె ముఖము చూచి మానుకొనెను.

"ఆ పొద్దు డీజిల్ ఫుల్లే ఉండె విజయా" అనెను.

"తెల్సు" అన్నది ఆమె. "ఇయ్యాల తెల్సింది."

అంతలో శ్రేష్ఠికి మిల్లు యజమాని బేరబుద్ధి తిరిగి వచ్చెను. "అయినా కారింది ఒక్క కన్నే. కావాలంటే రెండోది సూస్కో."

విజయలక్ష్మి కొంగుచివరతో ఆయన ఎడమకంటి క్రింద అద్దెను. కొంగును వెలుతురుకు ఎత్తి పరీక్షించెను. పొడిగా నుండెను.

"సరే. సగం గెలిచిండ్రు. ఇంతకు ఆఖరికి ఏమైంది? ఆ పిల్ల వానికే దక్కిందా?"

"నువ్వు సూడలేదా?"

"ఎక్కడ సూసిన? ఇంటర్వెల్ కానుంచి మిమ్మల్నే సూస్తున్న."

అంతట శ్రేష్ఠి అక్కడనే మెట్లపై నిలిచి, రెండు చేతులు చాచి, ఏనుగులెన్ని, దీపములెన్ని, పల్లకి ఎట్లు ఆగెను, నాయకుడెట్లు పరుగెత్తుకొని వచ్చెను అని ఒక్కటియు వదలక వినిపింపసాగెను. పార్కింగువాడు రెండుమార్లు ఈల ఊదెను. వినువారెవరు?

కావున లోకులారా, చాటుచున్నాను: సూర్యాపేట సమరమున కైలాస శ్రేష్ఠి కుడికన్ను వీరమరణము నొందినను, ఎడమకన్ను సాయంత్రము అయిదు గంటల పది నిమిషములవరకు అజేయముగ నిలిచెను. జయము, జయము, ఎడమకంటికి!