ఆగినవాళ్ళు లెక్కలోకి రారు

జ్ఞానం ఇకమీదట నాలుగు కాళ్ళ మీద నడవాలని ఆ విశ్వవిద్యాలయం తీర్మానించింది. నిర్వహణ శాస్త్రం, సమాచార వ్యవస్థలు, రోబోల శాఖ, సాహిత్యం ఒకదానితో ఒకటి చేతులు కలిపితే తప్ప ఏ పరిశోధనా పరిశోధన అనిపించుకోదు. ఒకే శాఖలో కూర్చుని ఒకే విషయాన్ని క్షుణ్ణంగా తెలుసుకోవడం సంకుచిత బుద్ధి కిందికి వస్తుంది. ఈ తీర్మానాన్ని నలుగురు శాఖాధిపతులూ ఏకగ్రీవంగా ఆమోదించారు (సమావేశానికి నలుగురూ రాలేదు కనుక వ్యతిరేకించడానికి ఎవరూ లేరు). అమలు చూసుకోవడానికి సమన్వయ మండలి అని ఒకటి పుట్టింది. దానికి ఒక గదీ, అందరూ సమానమేనని చాటే గుండ్రటి బల్లా, ఆ బల్లకు తల ఎటువైపో తెలిపే చీటీ ఏర్పాటయ్యాయి.

ఈ నాలుగు కాళ్ళూ వచ్చి తన నెత్తిమీదే పడతాయని సాహిత్య శాఖలో పెద్దక్క అనుకోలేదు. పెద్దక్క అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఆ శాఖలో పరిశోధనకు అందరికంటే ముందు చేరింది ఆవిడే కనుక, తర్వాత చేరినవాళ్ళు అలా పిలవడం మొదలుపెట్టారు. వాళ్ళంతా డాక్టర్లై వెళ్ళిపోయారు, పిలుపు మాత్రం మిగిలింది. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ గైడుగారు కూడా పరాకున అప్పుడప్పుడు "పెద్దక్కా" అనేసి నాలిక కరుచుకుంటున్నారు. ఈ టర్ములోగా సిద్ధాంత గ్రంథం సమర్పించకపోతే ఆవిడ రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఒక కాలేజీవాళ్ళు డాక్టరేటు చూపిస్తే ఉద్యోగం ఇస్తామన్నారు. చూపించకపోతే ఇంకొకరిని చూసుకుంటామని కూడా అంతే మర్యాదగా అన్నారు.

పెద్దక్క విషయం చాలా చిన్నది, ఆవిడకు పట్టిన గ్రహచారం అదే. మనుషులు కథ చదువుతూ చదువుతూ ఎక్కడ ఆగిపోతారు, ఎందుకు ఆగిపోతారు అన్నదే ఆవిడ ప్రశ్న. ఒక కథ ఎంచుకుంది. అందులో గడియారాలు బాగుచేసే ముసలాయన కొట్టు మూసేస్తాడు. చివరి సాయంత్రం, ఎవరూ వచ్చి తీసుకెళ్ళని గడియారాలన్నిటికీ ఓపిగ్గా కీ ఇచ్చి, దీపం ఆర్పి, తాళం వేస్తాడు. కథ అంతే. పెద్దక్క ఆ కథను పట్టుకుని మంగలి షాపులో, ఆసుపత్రి వరండాలో, లాండ్రీలో దొరికినవాళ్ళను దొరికినట్టు బతిమాలి చదివించి, పక్కన కూర్చుని చూసింది.

ఆవిడ ఉండేది పిన్ని ఇంట్లో కాబట్టి పిన్ని చేత కూడా చదివించింది. పిన్ని కళ్ళజోడు తుడుచుకుని, కాళ్ళు పైకి పెట్టుకుని, చకచకా చదువుకుపోతూ ఆ గడియారాలకు కీ ఇచ్చే వాక్యం దగ్గర ఆగింది. పేజీలో వేలు పెట్టి పుస్తకం మూసింది. చాలాసేపు కిటికీలోంచి ఎదురింటి గోడను చూసింది.

"మీ బాబాయి చెప్పులు కుట్టడానికి ఇచ్చి పోయారే. నేనింకా వెళ్ళి తెచ్చుకోలేదు."

"అవి ఇంకా ఆ చెప్పులు కుట్టేవాడి దగ్గర ఉంటాయంటావా పిన్నీ?"

"ఉన్నాయి. ఆ పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా కనబడుతూనే ఉన్నాయి. తెచ్చేసుకుంటే ఇంక అయిపోయినట్టే కదా అని..."

తర్వాత ఆవిడ లేచి వెళ్ళి స్టవ్ మీద పాలు చూసుకుని వచ్చి, మిగిలిన అరపేజీ చదివింది. ఆ మాటలను పెద్దక్క ఉన్నవి ఉన్నట్టు రాసుకుంది. తన గ్రంథం మొత్తంలో అసలైన పేజీ అదేనని ఆవిడకు తెలుసు. మిగతాదంతా ఆ పేజీకి కట్టిన ప్రహరీగోడ.

మొదటి అభ్యంతరం సొంత ఇంటినుంచే వచ్చింది. సాహిత్య శాఖ నిశ్చితాభిప్రాయం ప్రకారం పాఠకుడు అనేవాడు లేడు. ఉన్నది పాఠమే, అది కూడా ఉందో లేదో ఇదమిత్థంగా చెప్పలేం.

"లేనివాడి పక్కన కూర్చుని నోట్సు రాసుకున్నావా తల్లీ?" అన్నారు గైడుగారు, కోపంగా కాదు, జాలిగా.

"మా పిన్ని ఉందండీ."

"ఆవిడ ఉంది. ఆవిడలో పాఠకురాలు ఉందా అన్నది ముందు తేల్చు."

దాన్ని తేల్చడానికి రెండు అధ్యాయాలు పట్టింది. ఎటూ తేలకుండా పకడ్బందీగా రాసినందుకు గైడుగారు మెచ్చుకున్నారు.

నిర్వహణ శాస్త్రాచార్యుడు చాలా ఉత్సాహవంతుడు. ఆయన ఏ విషయాన్నయినా నాలుగు గళ్ళలో పెట్టి చూస్తే తప్ప నమ్మడు (పెళ్ళికి ముందు కాబోయే భార్యను కూడా అలాగే చూశాడని శాఖలో చెప్పుకుంటారు). పెద్దక్క చెప్పింది పూర్తిగా వినకుండానే లేచి బోర్డు మీద పెద్ద చదరం గీసి, అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత కొట్టాడు. ఆగాలనుకుని ఆగేవాళ్ళు, ఆగాలనుకుని ఆగలేనివాళ్ళు, ఆగకూడదనుకుని ఆగిపోయేవాళ్ళు, ఆగకూడదనుకుని ఆగనివాళ్ళు.

"ఈ నాలుగో గడిలో మీకెంతమంది ఉన్నారు?"

"ఎవరూ లేరండీ. కథ చదవడానికి కూర్చున్నవాళ్ళు ఎవరూ అలా పంతం పట్టలేదు."

"లేకపోతే ఎలాగమ్మా? గడి గీసేశాం కదా."

చదువు మధ్యలో ఆగడం వల్ల సంస్థకు వాటిల్లే కాలనష్టం మీద ఒక అధ్యాయం చేర్చాలని కూడా ఆయన సూచించాడు. ఏ సంస్థకు అని పెద్దక్క అడిగింది. అది తర్వాత చూసుకోవచ్చన్నాడు.

ఇక సమాచార వ్యవస్థల ఆచార్యురాలు. ఆవిడకు మనుషులు అంకెలుగా మారి వస్తే ఎంత ప్రేమో చెప్పలేం. పక్కన కూర్చుని చూడడం పాతకాలపు పద్ధతి అనీ, వందలమంది కావాలనీ, అందుకు తమ శాఖ తయారుచేసిన యాప్ వాడాలనీ ఆదేశించింది. యాప్‌లో కథ వాక్యం వాక్యం కనబడుతుంది. ప్రతి వాక్యం కింద ఒకటే ప్రశ్న: "ఈ వాక్యం వద్ద ఆగడం నాకు సౌకర్యంగా ఉంది." జవాబు పూర్తిగా అంగీకరిస్తాను నుంచి అసలు అంగీకరించను దాకా అయిదు మెట్లలో ఎక్కడైనా నొక్కవచ్చు.

పిన్ని మొదటి రోజు అన్నిటికీ "మధ్యస్థం" నొక్కింది. ఎందుకని అడిగితే, "ఎవరి మనసూ నొప్పించడం ఎందుకే" అంది. గడియారాల వాక్యం వచ్చేసరికి మళ్ళీ ఆగింది. ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి తెర నల్లబడి, మీరు చురుగ్గా లేనందున మీ ప్రవేశం రద్దు చేయబడింది అని వచ్చింది. మళ్ళీ మొదటినుంచి చదివింది, మళ్ళీ అక్కడే ఆగింది, మళ్ళీ యాప్ గెంటేసింది. మూడోసారి పిన్ని ఫోను తిరిగిచ్చేస్తూ, "నీ యాప్‌కి నా మీద ఏదో కోపంగా ఉన్నట్టుందే" అంది.

పెద్దక్కకు అప్పుడు వెలిగింది. ఒక్క నిమిషం కదలకుండా ఉంటే యాప్ మనిషిని బయటికి తోసేస్తోంది, అప్పటిదాకా ఇచ్చిన జవాబులు కూడా తుడిచేస్తోంది. అంటే ఎవరు ఎక్కడ ఆగారో తెలుసుకోవడానికి కట్టిన యాప్, ఆగినవాళ్ళందరినీ ఏరి పారేసి ఆగనివాళ్ళను మాత్రం భద్రంగా దాచుకుంటోంది. ఆవిడ పరుగున వెళ్ళి చెప్పింది.

ఆచార్యురాలు ప్రశాంతంగా విన్నది. "ఆగినవాళ్ళు ఫారం పూర్తి చేశారా?"

"ఎలా చేస్తారు మేడమ్, మీ యాప్..."

"పూర్తి చేయనివాళ్ళు పాల్గొన్నట్టు కాదు. పాల్గొననివాళ్ళ గురించి మనం ఏం చెప్పినా ఊహాగానమే అవుతుంది. పరిశోధనలో ఊహలకు చోటివ్వకూడదు కదా."

పెద్దక్కకు ఒళ్ళు మండింది. ఆ మంటను ఏ మెట్టు మీద నొక్కాలో తెలియక ఊరుకుంది.

అయినా సంఖ్య చాలలేదు. ఆ లోటు తీర్చడానికి రోబోల శాఖ పెద్దమనసుతో ముందుకొచ్చింది. వాళ్ళ దగ్గర ఒక మరచెయ్యి ఉంది. పుస్తకం పేజీలు తిప్పడం, తెర మీద మీటలు నొక్కడం దానికి నేర్పారు (పేజీ తిప్పడం నేర్పినవాడికి డాక్టరేటు, పేజీ చిరగకుండా తిప్పడం నేర్పినవాడికి విదేశీ ఫెలోషిప్పు). అది అలుపు లేకుండా మళ్ళీ మళ్ళీ కథ చదివి, మళ్ళీ మళ్ళీ ఒకే జవాబులిచ్చింది. ఇంతటి నిలకడ ఏ మనిషిలోనూ చూడలేదని సమాచార వ్యవస్థల శాఖ ముచ్చటపడింది. మొత్తం జవాబుల్లో ముప్పాతిక భాగం దానివే అయ్యాయి. నాలుగో గడి కూడా దానితోనే నిండింది కాబట్టి నిర్వహణ శాస్త్రాచార్యుడు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

ఒకసారి మాత్రం, అచ్చు పుస్తకంతో పరీక్షిస్తుండగా, మరచెయ్యి ఒక పేజీ దగ్గర గాలిలో నిలిచిపోయింది. రోబోల ఆచార్యుడు గ్లాసు కింద పెట్టి నిలబడ్డాడు.

"ఆగింది," అన్నాడు ఆయన గొంతు తగ్గించి.

పెద్దక్క దగ్గరికెళ్ళి చూసింది. "రెండు పేజీలు అంటుకున్నాయండీ. ఎవరో టీ ఒలకబోశారు."

"పేజీలు అంటుకోవడం నిమిత్తమాత్రం. ఆగడం ఆగడమే."

ఆ సంఘటన మీద నాలుగు శాఖలూ కలిసి ఒక వ్యాసం రాశాయి. యంత్రంలో తొలిసారిగా సాహిత్య స్పందన పొడసూపిందని అందులో తేలింది. టీ సంగతి నిడివి దృష్ట్యా తీసేశారు. వ్యాసకర్తల వరుసలో రోబోల ఆచార్యుడు మొదటివాడు, పెద్దక్క "తదితరులు"లో ఉంది.

మండలి చివరి సమావేశంలో పిన్ని పేజీ చర్చకు వచ్చింది. సొంత దుఃఖాన్ని ప్రస్తావించినందున పిన్ని నుంచి సమ్మతి పత్రం కావాలన్నారు. పెద్దక్క తెచ్చింది. పిన్ని స్వచ్ఛందంగానే ఆగినట్టు ఇద్దరు సాక్షుల ధ్రువీకరణ కావాలన్నారు. ఆగినప్పుడు గదిలో మేమిద్దరమే ఉన్నామని పెద్దక్క చెప్పింది. మరచెయ్యికైతే ఇలాంటి తలనొప్పులు ఉండవని ఎవరో అన్నారు. చివరికి, మొత్తం ఫలితాలతో పొసగనందున ఆ పేజీ తొలగిస్తే సంతకాలు పెట్టడానికి నలుగురూ సిద్ధమన్నారు.

పెద్దక్క గైడుగారి వైపు చూసింది. ఆయన కిందికి చూశారు.

"ముందు గండం గట్టెక్కు తల్లీ," అన్నారు తర్వాత వరండాలో. "డాక్టరేటు రానీ. ఆ పేజీని తర్వాత తీరిగ్గా ఎక్కడైనా వేసుకుందువుగాని."

"తర్వాత ఎవరైనా అలా వేసుకున్నారాండీ, మీకు తెలిసి?"

ఆయన జేబులో కళ్ళజోడు వెతుక్కున్నారు. అది ముక్కు మీదే ఉంది.

ఆ రాత్రి పెద్దక్క నిద్రపోలేదని చెప్పడానికి ఆధారాలు లేవు. పొద్దున మాత్రం ఆ పేజీ తీసేసింది. తీసేసినందుకు సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే ఉద్యోగం గురించి ఆలోచించింది.

మౌఖిక పరీక్ష దివ్యంగా జరిగింది. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు గ్రంథం బైండింగును ప్రశంసించి, రైలు వేళను విచారించాడు. కథ చదివేటప్పుడు పాఠకులు ఎక్కడా ఆగరని ఇంత పెద్ద ఎత్తున నిరూపించడం ఇదే ప్రథమమని మండలి అభినందించింది. పెద్దక్క డాక్టరైంది. కాలేజీవాళ్ళు మర్యాదగా ఉద్యోగం ఇచ్చారు.

పిన్ని మాత్రం గ్రంథాన్ని నిజంగా చదివింది. అట్ట వేసుకుని, రోజుకు కొంచెం చొప్పున, అర్థం కానిచోట కూడా గౌరవంగా పేజీ తిప్పుతూ చివరి అధ్యాయానికి వచ్చింది.

"ఎవరూ ఎక్కడా ఆగలేదని రాశావేమిటే?"

పెద్దక్క చీర మడతపెడుతోంది. యాప్ గురించి చెప్పాలనుకుంది, గళ్ళ గురించి, మండలి గురించి చెప్పాలనుకుంది. అవన్నీ చెబితే చివరికి తన సంతకం దగ్గరికే వచ్చి తేలుతుందని తెలిసి, "లెక్కల్లో అలా వచ్చింది పిన్నీ," అంది.

"అంతమందిలోనూ ఒక్కరు కూడానా?"

"ఊఁ."

పిన్ని కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నేను అందరికీ అంతేననుకున్నాను సుమా. నా ఒక్కదానికే ఇలా అవుతుందని తెలీలేదు. నీ పని చెడగొట్టానా ఏమిటి?"

"లేదు పిన్నీ. అదేం లేదు."

"నలుగురికీ లేనిది నాకెందుకులే. ఇంక అలా చదవకూడదు."

అని అలమరలోంచి ఆ కథ తీసి, కళ్ళజోడు పెట్టుకుని, మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది. పెద్దక్క చేతిలో చీర అలాగే ఉండిపోయింది. పిన్ని పెదవులు కదుపుతూ గడియారాలు దాటింది, దీపం దాటింది, తాళం దాకా ఒక్క ఊపున వచ్చి పుస్తకం మూసేసింది.

"చూశావా, ఈసారి ఆగలేదు," అంది.

ఒక పరిశోధన ఫలితం సామాన్య పాఠకురాలి దాకా చేరడం ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో అదే మొదటిసారి.