అడగకుండానే అర్థం చేసుకున్నవాడు

ఆ బుధవారం పొద్దున జహీర్ అనుకున్న పని ఒక్కటే. సాయంత్రంలోగా దుకాణానికి వచ్చిన ఒక్క గిరాకీనైనా, ఏమీ అడగకుండా, ముఖం చూసే అర్థం చేసుకోవాలి. అదీ అమ్జద్ సేఠ్ కళ్లముందు.

కరీంనగర్‌లో సేఠ్ బట్టల దుకాణంలో పన్నెండేళ్లుగా చీరలు పరిచి, మడిచి, మళ్లీ పరిచిన మనిషి అతను. ఇప్పుడు మంచిర్యాలలో కొత్త బ్రాంచి తెరుస్తున్నారు. దానికి ఇన్‌చార్జి ఎవరో ఆ సాయంత్రమే చెబుతానన్నాడు సేఠ్. పోయిన వారం హైదరాబాదు నుంచి ఒక ట్రైనింగ్ సార్ వచ్చి, చదువుతో ఉద్యోగం వస్తుంది గానీ పైకి రావాలంటే ఎదుటివాళ్ల మనసు తెలియాలి, దీన్ని ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అంటారు అని రెండు గంటలు చెప్పి, బిర్యానీ తిని వెళ్లాడు. మిగతావాళ్లకు బిర్యానీ గుర్తుండిపోయింది. జహీర్‌కు మాత్రం ఆ మాటలు నిద్రలో కూడా వినిపిస్తున్నాయి.

"రాత్రంత నిద్రల నవ్వుతున్నరు. ఏం కల వడ్డది?" అన్నది భార్య షాహిదా, చాయ్ అందిస్తూ.

"మంచిర్యాల. అద్దాల క్యాబిన్ల కూసున్న. కిటికీలకెళ్లి ఎండ వస్తుంది. ఎవరు ఏమనుకుంటున్నరో అంత నాకు కనవడుతుంది."

"మంచిర్యాల అయితే మా అమ్మోళ్ల నస్పూర్ పక్కనే. వారానికోసారి పోయి రావచ్చు," అని ఆమె కూడా కాసేపు ఆ ఎండలోకి చూస్తూ ఉండిపోయింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇద్దరూ కలిసి ఆ క్యాబిన్‌కు పరదాల రంగు కూడా ఖాయం చేసేశారు.

పది దాటాక దుకాణం అద్దాల్లోంచి పలుచటి ఎండ వచ్చి పట్టుచీరల మీద పడింది. గాలిలో దుమ్ము కూడా బంగారంలా మెరుస్తోంది. జహీర్ దాన్నే చూస్తూ మంచిర్యాల దాకా వెళ్లిపోయాడు. కళ్లు తిప్పేసరికి ఖానాపూర్ నుంచి వచ్చిన నలుగురు ఎదురుగా కూర్చుని ఉన్నారు. గుండు చేయించుకున్న పెద్దమనిషి దేవదాస్. బొట్టు లేని ముసలావిడ, ఆయన తల్లి పోశవ్వ. మూతి బిగించుకున్న భార్య వినోద. చేతిలో ఫోన్ పట్టుకుని నేల చూపులు చూస్తున్న కూతురు కోమల. ఆ ఫోన్‌లో ఒక కుర్రవాడి ఫోటో, వెనకాల దుబాయ్ మేడలు. అమ్మాయి కళ్లలో నీళ్లు.

"మొదలు తువ్వాలలు చూపియ్యి తమ్మీ. పదకొండు. అయిదు ధోతులు గూడ," అన్నాడు దేవదాస్.

మన వైపు పెళ్లింట్లో మేనమామలకు పెట్టేదీ తువ్వాలే, చావింట్లో దినం నాడు చుట్టాలు కప్పేదీ తువ్వాలే. అందుకే ఏ సేల్స్‌మ్యాన్ అయినా ముందుగా "ఏం కార్యం అన్నా?" అని అడుగుతాడు. పన్నెండేళ్లుగా జహీర్ కూడా అదే అడిగాడు. ఇవాళ అడగలేదు. గుండు చూశాడు, బోసి నుదురు చూశాడు, ఫోటో చూశాడు. దుబాయ్‌లో కొడుకు పోయాడని మనసులోనే తేల్చేసుకున్నాడు. పాపం, దేవదాస్ గుండు కూతురి సంబంధం కుదిరినందుకు వేములవాడ రాజన్నకు మొక్కుకున్నది.

జహీర్ నిజంగానే బాధపడ్డాడు. అందులో కపటం లేదు. లేచి వెళ్లి స్పీకర్లో పెళ్లిపాటలు ఆపించాడు. ఎర్ర చీరలు ఎదుట నుంచి తీయించాడు. పక్క కౌంటరు జమున చెవిలో విషయం ఊదితే, ఆమె పెళ్లికూతురి బొమ్మను గోడవైపు తిప్పేసింది. దుకాణమంతా గుసగుసల్లోకి దిగింది. ఎంత మర్యాదగల దుకాణమో అనుకున్నది వినోద. జహీర్ తువ్వాలలు పరుస్తూ కళ్లు తుడుచుకున్నాడు.

అంతలో జమున ద్వారా సంగతి పైఅంతస్తుకు చేరింది. సేఠ్ దిగి వచ్చి దేవదాస్ చేతులు పట్టుకున్నాడు.

"దిల్ గట్టిగ జేస్కో అన్నా. దుబాయ్ నుంచి పెట్టె జల్దీనే వచ్చిందా? కొందరికి నెల దాటుతది."

గల్ఫ్‌కు మనుషులను పంపిన ఊళ్లలో దుబాయ్ పెట్టె అంటే శవం వచ్చే పెట్టేనని ఎవరూ విడమరిచి చెప్పనక్కర లేదు. పోశవ్వ చేతిలోని ధోతి జారిపోయింది.

"ఎవల పెట్టె? మా అరుణ్‌దా? మాకు చెప్పకుంట దాస్తున్నరా కొడుకా," అని నేల మీద కూలబడి శోకం అందుకున్నది. పెళ్లికొడుకు అరుణ్ ఆ పొద్దున్నే విమానం దిగవలసినవాడు. వినోద గుండె బాదుకున్నది. దేవదాస్ గోడకు ఆనుకున్నాడు. కోమల మాత్రం ఏడవలేదు, తెల్లబోయి ఫోన్ వైపు చూస్తూ ఉండిపోయింది. అది చూసి జహీర్ వెక్కి వెక్కి ఏడ్చాడు.

బిల్లు కౌంటరులోని లైబా మంచినీళ్లు తెచ్చి కోమల పక్కన కూర్చున్నది.

"ఏమైంది అక్కా? ఎవలికేమైంది?"

పొద్దటి నుంచి ఆ పిల్లను ఎవరూ అడగని మాట అది. కోమల తలెత్తింది. "రాత్రి నుంచి ఆయన ఫోన్ కలుస్తలేదు."

"ఆఖరిసారి ఎప్పుడు చేసినవ్?"

"తొమ్మిదింటికి."

"ఇప్పుడు పదకొండున్నర. ఇంకోసారి చెయ్యి."

ఫోన్ మోగింది. "కోమలా, బుగులువడ్డవా? విమానం లేటైంది. ఫోన్ల చార్జింగ్ అయిపోయింది. ఇప్పుడే హైదరాబాద్ల దిగిన. తిన్నవా లేదా?"

అప్పుడు ఏడ్చింది కోమల. వినోద కూతురిని దగ్గరికి తీసుకుని, "రెండు రోజుల నుంచి మాట్లాడుత లేవని, గీ పిలగాడు నీకు ఇష్టం లేదనుకుంటి గదనే," అన్నది.

"నన్ను అడిగినవా?" అన్నది కోమల.

లైబా జహీర్ వైపు తిరిగింది. "ఎవలో సచ్చిపోయిండ్రని నీకు ఎవలు చెప్పిండ్రు భాయ్?"

"ఎవలు చెప్పలే. నేనే సమజ్ చేస్కున్న."

ఆ తరువాత ఆ ఇంటివాళ్లు పట్టిన చీర వదలకుండా కొన్నారు. భయం తీరిన సంతోషం ముందు ధరలు ఎవరికి కనిపిస్తాయి? పోశవ్వ వెళ్తూ వెళ్తూ సేఠ్‌తో, "మాకంటె ముందు ఏడ్సిండు గీ పిలగాడు. ఇసొంటోడు యాడ దొరుకుతడు?" అన్నది. జహీర్ వినలేదు. మడతలు పెడుతూ, కలలోని క్యాబిన్‌లో ఒక్కొక్క అద్దమే తీసి కింద పెడుతున్నాడు.

సాయంత్రం సేఠ్ పిలిచాడు. చెంపకు చెయ్యి పెట్టుకుని, కళ్లు సగం మూసుకుని, నొసలు ముడిచి ఉన్నాడు. జహీర్ ఆ ముఖాన్ని చూశాడు. ఇంత బాధ ఎందుకో చూడగానే అర్థమైపోయింది.

"సేఠ్, నాకు చెప్పలేక మీరు పరేషాన్ అయితున్నరు. ఫికర్ చెయ్యకుండ్రి. మంచిర్యాల లైబాకే ఇయ్యిండ్రి. నాకేం బాధ లేదు."

సేఠ్ చెంప మీది చెయ్యి తీశాడు. "నిజంగనేనా?"

"దిల్ నుంచి చెప్తున్న."

జహీర్ పేరు రాసి ఉన్న ఉత్తరువును సేఠ్ మెల్లగా సొరుగులో వేసి, మరో కాగితం తీసుకున్నాడు. "శానా పెద్ద మనసు నీది," అన్నాడు.

షాహిదాకు ఏమి చెప్పాలో తోచకపోయినా, ఒకరి మనసు తేలిక చేశానన్న తృప్తితో జహీర్ మెట్లు దిగాడు.

సేఠ్‌కు పొద్దటి నుంచి దవడ పన్ను నొప్పి.