పరువు నిలిపిన కుళాయి

ఆఫీసరు వస్తున్నాడంటే ఎవరైనా బడిని ముస్తాబు చేస్తారు. ఈ హెడ్మాస్టరు మాత్రం ఆ రోజు పొద్దున్నే లేచి, తన బడి వీలైనంత దీనంగా కనబడేలా చూడాలని నిశ్చయించుకున్నాడు. ప్రాథమిక పాఠశాలకు ప్రభుత్వం ఇవ్వాల్సిన నిర్వహణ నిధులు ఏడాదిగా రాలేదు. సుద్దముక్కలు, చీపుర్లు ఇంటి నుంచి మోసుకొచ్చి నెట్టుకొస్తున్నాడు గానీ, నీళ్ల మోటారు కాలిపోయాక ఆయన జీతం కూడా చేతులెత్తేసింది. మరుగుదొడ్డిలో నీళ్లు లేక మధ్యాహ్నం ఇళ్లకు వెళ్లిన ఆడపిల్లలు ఆ పూట మళ్లీ బడికి రావడం లేదు. ఎంత మొరపెట్టుకున్నా పైవాళ్ల తలకెక్కలేదు. కళ్లారా చూస్తే ఎక్కుతుందని ఆయన ఆశ.

"కాలు విరిగిన కుర్చీలో కూర్చోబెడతాను. కుళాయి తిప్పమంటాను. గాలి తప్ప ఏమీ రాదు. దెబ్బకి నిధులొస్తాయి," అన్నాడు భార్యతో, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. "వచ్చిన మనిషిని విరిగిన కుర్చీలో కూర్చోబెడతారా? మన పరువేం కావాలి?"

"పరువు పోతేనే పనవుతుందే," అని ఆయన ఆఫీసరుకు ఎదురెళ్లడానికి బస్టాండుకు బయల్దేరాడు.

ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో, ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసింది. అతను నీళ్ల ట్యాంకరు నడుపుతాడు. "ఒరే తమ్ముడూ, మీ బావ పరువు నీ చేతిలో ఉందిరా," అంది. అక్క మాట జవదాటని ఆ తమ్ముడు ఆవిడ ఇంట్లో ఉన్న మంచి కుర్చీని ట్యాంకరు మీద కట్టుకుని బడికి వెళ్లి, మేడ మీది తొట్టిని అంచుల దాకా నింపేశాడు.

పంతులమ్మ ఇదంతా చూసింది. బడిని దీనంగా ఉంచమని నిన్ననే చెప్పిన హెడ్మాస్టరు ఇంటి నుంచే కుర్చీ దిగేసరికి, ఆయన మనసు మార్చుకున్నాడనుకుంది. వెంటనే తన ఇంటి ఫ్యాను తెప్పించింది. పిల్లలను ఇళ్లకు తోలింది. వాళ్లు గోడ గడియారాలు, చాపలు, పూలకుండీలతో తిరిగొచ్చారు. ఎవరో ఉత్సాహవంతుడు కిటికీ తెరలు కూడా ఊడబెరికి తెచ్చాడు.

ఆఫీసరును వెంటబెట్టుకొచ్చిన హెడ్మాస్టరు గుమ్మంలోనే నిలబడిపోయాడు. వేరే బడికి వచ్చామేమో అనుకున్నాడు. తర్వాత తన కుర్చీని గుర్తుపట్టాడు.

"బాగుందండీ," అన్నాడు ఆఫీసరు అందులో చేరగిలబడి.

"ఆ కుర్చీ మా ఇంటిదండీ."

"బడిని సొంత ఇల్లనుకుంటున్నారన్నమాట."

"ఆ ఫ్యాను పంతులమ్మగారిదండీ."

"సిబ్బంది కూడా మీలాంటివాళ్లే దొరికారు."

హెడ్మాస్టరుకు ఇక మిగిలింది కుళాయి ఒక్కటే. "ఇవన్నీ వదిలేయండి. ఒక్కసారి వచ్చి ఆ కుళాయి తిప్పి చూడండి చాలు," అని బతిమాలాడు. ఆఫీసరు తిప్పాడు. నీళ్లు ఎగజిమ్మి ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా తడిపాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ఈ నీళ్లు మావి కావండీ," అన్నాడు హెడ్మాస్టరు ఏడుపు గొంతుతో.

"నీళ్లు ఎవరి సొత్తండీ," అన్నాడు ఆఫీసరు, ప్యాంటు పిండుకుంటూ.

హెడ్మాస్టరు ఆయన్ని పక్కకు లాక్కెళ్లి, భార్య పరువు గోలతో సహా ఉన్నదంతా కక్కేశాడు. మోటారు బాగుచేయకపోతే ఆడపిల్లల చదువు ఒంటిపూటతోనే ఆగిపోతుందని చేతులు పట్టుకున్నాడు. ఆఫీసరు ఓపిగ్గా విన్నాడు.

"నాకు తెలుసండీ. ట్యాంకరు ఇంకా గేటు దగ్గరే ఉందిగా," అన్నాడు గొంతు తగ్గించి. "మీ నిధులు మా దగ్గరే పడుండి, గడువు దాటి వాపసు పోయాయి. ఎందుకు పంచలేదని పైవాళ్లు నా పీక మీద కూర్చున్నారు. మర్చిపోయామని రాయలేను కదా. డబ్బు అక్కర్లేని బడి ఒక్కటైనా దొరక్కపోతుందా అని ఊళ్లన్నీ తిరుగుతున్నాను. మీ ఆవిడకు నా నమస్కారాలు చెప్పండి."

మర్నాటికి కుర్చీ ఇల్లు చేరింది. తొట్టి ఖాళీ అయింది. మధ్యాహ్నం గంట కొట్టగానే ఆడపిల్లలు సంచులు సర్దుకుని వెళ్లిపోయారు. పంతులమ్మ వాళ్లను ఆపలేదు, ఆపడానికి ఆమెకు మొహం చెల్లలేదు.

వారం తిరక్కుండానే 'ఖర్చు లేని ఆదర్శ పాఠశాల' అని రాసిన పెద్ద బోర్డు వచ్చింది. దాన్ని గోడకు కొట్టడానికి మేకులూ సుత్తీ హెడ్మాస్టరు ఇంటి నుంచి తెచ్చాడు.