తీర్పుబండ మీద ఉత్తుత్తి కేసు

ఒక పెద్ద అడవిలో నల్లవాగు అని ఒక వాగుండేది. పుట్టుకతో దాని పేరు తెల్లవాగు. ఎగువన ధర్మాంగదరావు గారనే దుమ్ములగొండి ఎముకల బట్టీ పెట్టాక వాగుకి రంగూ మారింది, వాసనా మారింది, పేరూ మారింది.

ధర్మాంగదరావు గారు చచ్చిన జంతువుల ఎముకలు ఉడికించి మీసాలకు రాసుకునే నూనె తీసేవారు. ఆ నూనె రాసుకుంటే పెద్దపులి మహారాజు గారి మీసాలు ఎండలో నిగనిగలాడేవి. మీసం నిగనిగలాడుతున్నంతసేపూ ఏ రాజుకైనా వాగు తెల్లగానే కనిపిస్తుంది.

దాని నలుపు కనిపించింది దిగువ మడుగులో ఉండే నీటికుక్కలకు. చేపలు పొట్టలు పైకి పెట్టి తేలాయి. పిల్లలకు ఒళ్ళంతా దురదలు. ముసలి నీటికుక్క మంగతాయమ్మకు వీపు మీద బొచ్చంతా రాలిపోయి, చర్మం కందిపోయింది. ఆవిడ ఊరుకోకుండా తీర్పుబండ దగ్గర కేసు వేసింది.

తీర్పుబండ అంటే ఆ అడవికి కోర్టు. దాని మీద కూర్చునే జడ్జి గుడ్లగూబ దివాంధం గారు. కోర్టు నడిచేది పట్టపగలు. గుడ్లగూబకు పగలు కళ్ళు కనబడవు. ఈ ఏర్పాటు ఎవరు చేశారో గాని బాగా ఆలోచించి చేశారు. మంగతాయమ్మ కేసు పిలిచినప్పుడల్లా దివాంధం గారు ఆవలించి, "వాయిదా" అనేవారు.

ఇంతలో ధర్మాంగదరావు గారికి రెండో బట్టీ పెట్టాలని బుద్ధి పుట్టింది. వానలు పడేలోగా నీటికుక్కలు మడుగు ఖాళీ చేయాలని రాజుగారి చాటింపు వచ్చింది.

"ఎక్కడికి పొమ్మంటారే? నీళ్ళలో బతికేవాళ్ళం, చెట్లెక్కమంటారా?" అంది మంగతాయమ్మ మనవరాలితో.

మనవరాలి పేరు వాగేశ్వరి. పుట్టిందీ వాగులోనే, వాగకుండా ఉండలేనిదీ ఆమే.

"నేను లాయరునవుతాను అమ్మమ్మా. నీ కేసు నేనే వాదిస్తాను."

"నువ్వయ్యేలోపు నా తోక మీది బొచ్చు కూడా ఊడుతుందే తల్లీ."

వాగు గొడవ నీటికుక్కలతో ఆగలేదు. జింకలు, అడవిపందులు కూడా గుంపులు కట్టి అరవటం మొదలుపెట్టాయి. రాజుగారికి మధ్యాహ్నం నిద్ర చెడింది. ధర్మాంగదరావు గారిని పిలిపించారు.

"ఏదో ఒకటి చెయ్యవయ్యా. చెవులు దిబ్బళ్ళు పడుతున్నాయి."

"బట్టీ మూసెయ్యమంటారా ప్రభూ?"

"ఛఛ, మరి నా మీసాలో?"

"అయితే బడి పెడదాం," అన్నారు ధర్మాంగదరావు గారు. "కుర్రకారుకి పర్యావరణ చట్టం నేర్పిద్దాం. చదువుకున్నవాడు అరవడు ప్రభూ, చర్చిస్తాడు. ఆ చర్చ తేలేలోపు వాగే ఎండిపోతుంది. వాగే లేకపోతే గొడవెక్కడిది?"

రాజుగారు మీసం దువ్వుకుని సరేనన్నారు.

అలా 'ధర్మాంగదరావు పర్యావరణ న్యాయ శిక్షణాలయం' వెలిసింది. బోర్డు మీద పేరు పెద్దది, న్యాయం చిన్నది. కట్టింది వాగుకు దూరంగా, కొండ అవతలి వాలులో. వాసనకు పిల్లల ఏకాగ్రత చెడుతుందట. ప్రిన్సిపాలు కొంగ పరాంకుశం గారు. ఏటా చలికాలం ఎక్కడెక్కడి సరస్సులకో వెళ్ళి, సదస్సుల్లో ఒంటికాలి మీద నిలబడి వచ్చిన మేధావి.

వాగేశ్వరి మొదటి రోజే చేరింది. పక్కన కూర్చున్నది సుభాషిణి అనే చిలక. సుభాషిణికి చట్టమంతా నోటికొచ్చు. ఒక్క ముక్క అర్థం కాదు గాని, మొదలుపెడితే మధ్యలో ఆపడం ఎవరి తరమూ కాదు.

మొదటి పాఠం 'తొలి తీర్పు.' పరాంకుశం గారు చెప్పమనగానే సుభాషిణి కళ్ళు మూసుకుని అందుకుంది.

"పూర్వం ఒక పులీ ఒక చిరుతా దుప్పి మాంసం కోసం కొట్లాడుకుని బండ దగ్గరికొచ్చాయి. అప్పటి జడ్జిగారు విసిగిపోయి, 'దుప్పి ఒక్కటేమిటి నాయనా, అడవంతా నీదే, రాజువి నువ్వే, పో!' అని పులితో వెటకారమాడి, ఈగలు ముసురుతుంటే మూడుసార్లు రెక్కలు విదిలించారు. రెక్క మూడుసార్లు విదిలిస్తే తీర్పు అయినట్టే. పులి వెళ్ళి సింహాసనం మీద కూర్చుంది. వారే నేటి మహారాజు గారి ముత్తాతగారు. కాబట్టి నవ్వుతూ అన్నా ఏడుస్తూ అన్నా, బండ మీద చెప్పిన తీర్పు తీర్పే. మార్చే హక్కు ఎవరికీ లేదు."

"శభాష్," అన్నారు పరాంకుశం గారు. తరవాత ముందుజాగ్రత్త సూత్రం చెప్పారు. పాడుచేసినవాడే బాగుచెయ్యాలన్న సూత్రం చెప్పారు. ఏ సరస్సులో ఏ బాతు ఏ కేసు గెలిచిందో చెప్పారు. నల్లవాగు ఊసు మాత్రం ఎత్తలేదు.

ఒకరోజు వాగేశ్వరి ఉండబట్టలేక లేచింది.

"మన వాగు దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్తారు సార్?"

"చివరి టర్ములో."

"అప్పటికి వాగుంటుందా సార్?"

"లేకపోతే 'అంతరించిన వాగులు' అనే పాఠంలో చదువుకుందువు గాని, కూర్చో."

అందరూ నవ్వారు. వాగేశ్వరికి ఒళ్ళు మండింది. అక్కడ అమ్మమ్మ వీపు పుండవుతోంది, ఇక్కడ తను బాతుల కేసులు బట్టీపడుతోంది. బడి మానేద్దామనుకుంది. మానేసేదే. అంతలో పరాంకుశం గారు శిక్షణ ముగింపు వేడుక ప్రకటించారు. ఆ రోజు విద్యార్థులు ఉత్తుత్తి కోర్టు ఆడాలి. ఒకరు వాగు తరపున, ఒకరు బట్టీ తరపున వాదించాలి.

"ఇక్కడే ఆడుకుంటారులెండి, చెట్టు కింద," అన్నారాయన దాతగారితో.

"చెట్టు కిందా?" ధర్మాంగదరావు గారికి చిన్నతనమనిపించింది. "నా పేరున్న బడి! అసలు తీర్పుబండ మీదే ఆడించండి. అసలు జడ్జిగారినే కూర్చోబెట్టండి. రాజుగారు వస్తారు, దండలుంటాయి."

"అసలు బండ మీదేనా సార్?" అంది వాగేశ్వరి. "అసలు జడ్జిగారేనా?"

"నీకెందుకంత సంతోషం?" అన్నారు పరాంకుశం గారు.

"ఏం లేదు సార్. పెద్ద స్టేజీ కదా అని."

వేడుక నాటికి అడవంతా బండ చుట్టూ చేరింది. రాజుగారు ముందు వరసలో కూర్చున్నారు. పక్కన ఆయన దాయాది చిరుత. తాతల నాటి దుప్పిని ఆ వంశం ఇంకా మరిచిపోలేదు. బట్టీ తరపున సుభాషిణి, వాగు తరపున వాగేశ్వరి నిలబడ్డారు. ముద్దాయి వేషానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. ముళ్ళపందిని అడిగితే ముళ్ళు నిక్కబొడుచుకుంది.

వాగేశ్వరి చేతులు జోడించింది. "ముద్దాయి వేషమంటే ఆషామాషీ కాదండీ. ముఖంలో కళ ఉండాలి, నవ్వులో దర్జా ఉండాలి. ధర్మాంగదరావు గారంతటి వారు కరుణిస్తే గాని..."

పొగడ్తకు పడనివాడు దుమ్ములగొండే కాదు. ఆయన ఒక్క గెంతున బండెక్కేశారు.

"ముద్దాయి పేరేమని పెట్టమంటారండీ?" అంది వాగేశ్వరి.

"నా పేరే పెట్టుకోవమ్మా! హిహిహీ!"

"వాగు పేరు?"

"నల్లవాగే అనుకో. కొత్తది కల్పించే శ్రమెందుకూ! హిహిహీ!"

"మీ బట్టీ మురుగు వాగులో వదులుతున్నారా?"

"వదలక నెత్తిన పోసుకోమంటావా?"

రాజుగారు పకపకా నవ్వారు. అది చూసి మిగతా కోరలవాళ్ళూ నవ్వారు. జింకలు నవ్వలేదు.

"దానివల్ల చేపలు చచ్చాయా?"

"చచ్చాయి. ఆ ముళ్ళు కూడా ఉడికించాను, నూనె రాలేదు! హిహిహీ!"

సుభాషిణి లేచి, మీసాల నూనె అడవికి ఎంత ప్రతిష్ఠో, వాగు కాస్త నల్లబడినంత మాత్రాన అభివృద్ధి ఎందుకు ఆగకూడదో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. చప్పట్లు మోగాయి.

"నా సాక్షి మా అమ్మమ్మ," అంది వాగేశ్వరి.

మంగతాయమ్మ మెల్లగా బండెక్కింది. జడ్జిగారి వైపు వీపు తిప్పి నిలబడింది. బొచ్చు లేని వీపు ఎర్రగా, పచ్చిగా ఉంది. దాని మీద ఈగలు వాలుతున్నాయి. వాగేశ్వరి ఎంతో వాదన తయారుచేసుకొచ్చింది, ఒక్క ముక్కా గుర్తు రాలేదు. ఏడుపొచ్చింది. అమ్మమ్మ పక్కకెళ్ళి తోకతో ఈగలు తోలుతూ నిలబడిపోయింది. ధర్మాంగదరావు గారు తప్ప ఎవరూ నవ్వలేదు.

దివాంధం గారు పరాంకుశం గారి వైపు వంగారు.

"ఇది ఉత్తుత్తిదే కదయ్యా?"

"ఉత్తుత్తిదేనండీ."

"రాజుగారికి కోపం రాదు కదా?"

"ఆటే కదండీ! ఇందాక పకపకా నవ్వారు కూడాను."

"నా కుర్చీకి..."

"ఏ ఢోకా లేదండీ."

దివాంధం గారి కళ్ళు రెండూ ఇంతింత విచ్చుకున్నాయి. పట్టపగలు అవి తెరుచుకోగా చూసినవాళ్ళు ఆ అడవిలో లేరు.

"మనసులో మాట చెప్పి ఎన్నాళ్ళయిందో!" అన్నారాయన. "వినండి. ఈ క్షణం నుంచి బట్టీ బంద్. మడుగు నీటికుక్కలది, వాళ్ళను కదిలించకూడదు. వాగును ముద్దాయే స్వయంగా దిగి శుభ్రం చెయ్యాలి. చేప బతికేదాకా పైకి రాకూడదు. సిగ్గులేకపోతే సరి, ఆ ముసలమ్మ వీపు చూసి కూడా నవ్వుతాడా!"

అని, మూడుసార్లు రెక్కలు విదిలించారు.

అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది ధర్మాంగదరావు గారే. ఆయనకు దండ కూడా వేశారు.

వాగేశ్వరి కళ్ళు తుడుచుకుంది. "సుభాషిణీ, మన మొదటి పాఠం ఒకసారి చెప్పవే."

సుభాషిణి కళ్ళు మూసుకుని అందుకుంది. "పూర్వం ఒక పులీ ఒక చిరుతా..."

దుప్పి దగ్గర జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. వెటకారం దగ్గర నవ్వు సన్నగిల్లింది. పరాంకుశం గారు "చాలమ్మా, చాలు" అన్నారు గాని చిలక ఆగితేనా. 'నవ్వుతూ అన్నా ఏడుస్తూ అన్నా' అనే మాట వచ్చేసరికి ధర్మాంగదరావు గారి మెడలో దండ బరువెక్కింది.

"అన్యాయం ప్రభూ! ఇది ఆట! ఆటలో అన్న మాట చెల్లుతుందా?"

రాజుగారు నోరు తెరవబోయారు. చిరుత చిన్నగా దగ్గింది.

"చెల్లదనండి అన్నయ్యా. నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే మీ ముత్తాతగారి సంగతి కూడా ఒకసారి మళ్ళీ మాట్లాడుకోవాల్సొస్తుంది."

రాజుగారు తెరిచిన నోరు మూశారు. కాసేపు ఆలోచించినట్టు కనిపించి, మళ్ళీ తెరిచారు.

"తీర్పు తీర్పే."

"మరి మీ మీసాలు ప్రభూ?"

"మీసం మాసినా ఫరవాలేదయ్యా. సింహాసనం పోతే మళ్ళీ మొలుస్తుందా? దిగు వాగులోకి."

ధర్మాంగదరావు గారు దిగారు. నవ్వు మాత్రం ఆగలేదు పాపం, అది వాళ్ళ జాతి లక్షణం. ముక్కు మూసుకుని, హిహిహీ అని ఏడుస్తూ వాగులో బురద ఎత్తిపోశారు. వానలొచ్చాయి. నీళ్ళు నలుపు తగ్గి బూడిదరంగుకు వచ్చాయి. మంగతాయమ్మ వీపు మీద నూగు మొలిచింది. పరాంకుశం గారు దూరదేశపు సరస్సుకెళ్ళి, 'నేను తెచ్చిన తీర్పు' అని ఉపన్యసించి శాలువా కప్పించుకొచ్చారు.

తీర్పు వచ్చిన మర్నాడే బండ ముందు బారు కట్టింది. చెరువు పోయిన తాబేళ్ళు, పుట్ట పోయిన చీమలు, చెట్టు పోయిన తేనెటీగలు.

"మాది ఉత్తుత్తి కేసేనండీ, సరదాకి వచ్చాం," అన్నాయి ఒకదాని వెనక ఒకటి.

దివాంధం గారు హుషారుగా రెక్కలు సర్దుకున్నారు. అంతలో రాజుగారి చాటింపు వచ్చింది: ఇకనుంచి తీర్పుబండ మీద ఆటలు నిషేధం, నిజమైన కేసులు మాత్రమే విచారించవలెను.

దివాంధం గారు చాటింపు విన్నారు. కళ్ళు మూసుకున్నారు. "వాయిదా," అన్నారు.

ఇందులో నీతి ఏమిటంటారా? నిజమైన తీర్పు కావాలంటే, ఇది నిజం కాదని ముందుగా జడ్జిగారికి ధైర్యం చెప్పాలి.