నలభై ఒకటో స్లైడు

తాలూకాకు ఒక్కడైనా విదేశయాత్ర చేసి వచ్చినవాడు ఉండి తీరాలి! లేకపోతే సర్కారే తన ఖర్చుతో ఒకణ్ణి పంపించాలి. రోడ్డు తర్వాత వేసుకోవచ్చు. ఆస్పత్రి తర్వాత కట్టుకోవచ్చు. ముందు యాత్రికుడు!

నవ్వకండి. నా దగ్గర రుజువులున్నాయి.

చింతామణి పట్టు వ్యాపారి వెంకటేశప్ప పోయిన ఏడాది, అంటే అరవై నాలుగులో, పట్టు ప్రదర్శన చూడడానికి లండన్ వెళ్ళాడు. తిరిగి రావడానికి బదులు ఇంకా ఉత్తరానికి పోయాడు. నలభై మంది పట్టే చిన్న ఓడెక్కి, ఐస్‌లాండ్ అనే దీవి దేశాన్ని పది రోజుల్లో చుట్టేశాడు. మూడు వందల రంగుల స్లైడ్లూ, వాటిని గోడ మీద చూపించే ప్రొజెక్టరూ వెంట తెచ్చి, ఊరూరా తిరిగి అందరికీ చూపిస్తున్నాడు. ఆనాటి నుంచి ఈ ప్రాంతం బాగుపడడం మొదలైంది.

చింతామణిలో ఇప్పుడు నిద్రమాత్రలు కొనేవాడే లేడు! పదేళ్ళుగా మాటల్లేని అన్నదమ్ములు నంజప్ప, పిళ్ళప్ప స్లైడ్ల మధ్యలో ఒకే దొడ్డివాకిలి గుండా పారిపోబోయి, గుద్దుకుని, రాజీపడ్డారు. వెంకటేశప్ప కారు బాగేపల్లి చేరిందంటే చాలు, ఊరు దాటే బస్సులన్నీ నిండిపోతాయి. జన్మలో గుడిబండె కొండ ఎక్కని లావుపాటి గుమాస్తాలు పరుగున ఎక్కేస్తున్నారు. ఏ డాక్టరు చేయగలిగాడు ఈ పని?

ఇంతకంటే పెద్ద రుజువు సాదలి ఊరి రామలక్ష్మమ్మ.

ఆమె పట్టు పురుగులు పెంచుతుంది. వరసగా రెండు పంటలు రోగాలకు పోయాయి. ఈ మూడోది చేతికొస్తేనే మల్బరీ తోట ఆమెకు మిగులుతుంది. పురుగులు ఇవాళో రేపో పండి గూళ్ళు కట్టేలా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే వెంకటేశప్ప కారు దిగాడు. బొమ్మలు కనపడాలంటే చీకటి కావాలి. సాదలిలో పట్టపగలు చీకటి దొరికే చోటు ఒక్కటే, రామలక్ష్మమ్మ పురుగుల ఇల్లు.

"సావుకారప్పా, పురుగు పండే దినాలు. మంది వస్తే గిట్టదప్పా," అంది ఆమె.

"గంటసేపే కదమ్మా! ఐస్‌లాండ్ నీ ఇంటికే వస్తాండాది, వద్దంటావా?"

గూళ్ళు కొనే మనిషి అడిగితే వద్దనడానికి ఆ ఊళ్ళో ఇంకా మాట పుట్టలేదు. ఆమె మాత్రం ఒక్క షరతు పెట్టింది.

"ఆ అత్తరు కడుక్కోని రాప్పా. పురుగు చస్తాది."

కడుక్కుని వచ్చాడు. ముప్పై మంది చాపల మీద కూర్చున్నారు. ఊరంతా అతనికే గూళ్ళు అమ్ముతుంది మరి. కొండెక్కే ధైర్యం ఎవరికుంది?

వెంకటేశప్ప చీకట్లో చెవి ఒగ్గాడు. "వానొచ్చినట్లుండాది! కారు అద్దాలు ఎక్కించినానో లేదో!"

ఎవరో కిసుక్కున నవ్వారు. అది వాన కాదు. వేల పురుగులు ఆకు నమిలే చప్పుడు! ఇరవై ఏళ్ళుగా గూళ్ళు కొంటున్న మనిషి పురుగుల ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదలు. చూశారా యాత్రల మహిమ? ఐస్‌లాండ్ వెళ్ళి ఉండకపోతే సాదలి చూసేవాడా?

స్లైడ్లు మొదలయ్యాయి. ఓడ. ఓడ మెట్లు. ఓడలో తను తినకుండా వదిలేసిన చేప. పొగలు కక్కే నీళ్ళ గుంట. జలపాతం. అదే జలపాతం వెనక వైపు నుంచి. రంగుల ముక్కు పక్షి. ఆ పక్షి ఎగిరిపోయాక ఖాళీ రాయి. తర్వాత, అర్ధరాత్రి పూట మెరుస్తున్న సూర్యుడు.

"ఎండాకాలంలో ఆడ సూర్యుడు మునగడే మునగడు!" అన్నాడు వెంకటేశప్ప.

"అయ్యో, మరి ఆ ఊరి ఆడోళ్ళు పని ఏ యాళకు మానేది?" అంది పక్కింటి అక్కయమ్మ.

ముప్పై ఎనిమిదో స్లైడు దగ్గర రామలక్ష్మమ్మ చెవులు రిక్కించింది. వాన సన్నబడుతోంది! ఆకు మానేసిందంటే పురుగు పండిందన్నమాట. వెంటనే ఏరి చంద్రికెల మీద, అంటే గూడు కట్టుకునే వెదురు తడికెల మీద, వదలాలి. ఆలస్యమైతే తట్టలోని చెత్తలోనే దారం చుట్టేస్తుంది. ఆ గూడు ఎవరికీ అక్కర్లేదు. ఆమె లేవబోయింది.

"కూర్చోమ్మా, ఓడ మంచుకొండ కాడికి పోతాండాది!"

కూర్చుంది. అవును, కూర్చుంది! ధర ఆ నోట్లోనే ఉంది మరి.

ముప్పై తొమ్మిది, పొగమంచు. నలభై, మళ్ళీ పొగమంచు. "ఏమీ కనపడదు గానీ, దీని వెనకాల ఒక ఊరుండాది," అని వివరించాడు. వాన పూర్తిగా ఆగిపోయింది.

నలభై ఒకటో స్లైడు పడింది. మంచు మైదానం! గోడ తెల్లగా వెలిగి ఇల్లంతా పట్టపగలైంది. రామలక్ష్మమ్మ దిగ్గున లేచి ఒక పురుగును తీసి ఆ వెలుగుకు పట్టి చూసింది. పండు ద్రాక్షలా లోపలిదంతా కనిపిస్తోంది.

"పండినాయి! లేయండందరూ!"

ముప్పై మంది ఎంత సంతోషంగా లేచారనుకున్నారు! వెంకటేశప్ప చెయ్యి తర్వాతి స్లైడు మీదికి పోయింది.

"ఆ బొమ్మ తీయొద్దప్పా!" ముప్పై గొంతులు ఒక్కసారిగా అరిచాయి.

అతని కళ్ళు చెమర్చాయి. అంత మెచ్చుకోలు అతని జన్మలో లేదు. ఆ మంచు వెలుగులో అందరూ పురుగులు ఏరుతుంటే, అక్కయమ్మ అతని చేతిలో ఒక తట్ట పెట్టింది, పట్టుకుని నిలబడ్డాడు. ప్రొజెక్టరు వేడికి స్లైడు అంచు మాడిపోయే వేళకు ఆఖరి పురుగు చంద్రికె ఎక్కింది.

ఇప్పుడు చెప్పండి. మామూలు రోజున, పిలవకుండా, ముప్పై మంది పనివాళ్ళు ఎక్కడ దొరుకుతారు?

వారం తర్వాత వెంకటేశప్ప గూళ్ళు కొనడానికి వచ్చాడు. మూట విప్పకముందే మొహం ముడిచి, "పలచగా ఉండాయమ్మా," అన్నాడు. ఇరవై ఏళ్ళుగా అనేది అదే మాట.

"కానీలేప్పా," అంది రామలక్ష్మమ్మ. "మిగిలిన బొమ్మలు ఇంకో ఊళ్ళో చూపించుకో."

వెంకటేశప్ప మూట మీంచి చెయ్యి తీసేశాడు. "ఇంకో ఊళ్ళో యాడ చూస్తారమ్మా? నా కారు కనపడితే కొండెక్కుతాండారు! తీయొద్దన్నోళ్ళు మీరొక్కరే కదమ్మా!"

"అయితే సరైన ధర చెప్పప్పా. చాపలు పరుస్తాం."

వెంకటేశప్ప మూట విప్పాడు. ఒక గూడు తీసి వెలుగుకు పట్టి చూశాడు, ఇరవై ఏళ్ళలో మొదటిసారి.

"గట్టిగానే ఉండాయి," అన్నాడు.

అందుకే సర్కారుకు నా మనవి. మన పంట కొనే ప్రతి మహానుభావుణ్ణీ దయచేసి ఓడెక్కించండి. ఇన్నేళ్ళూ వాళ్ళ నోటికేసి మనమే చూస్తూ కూర్చున్నాం. వాళ్ళ యాత్ర వినే మన చెవుల కోసం వాళ్ళు కూడా ఒక్కసారి గుమ్మంలో నిలబడాలి కదా!